కలిసి ఆలోచించే మనిషి

"అసలు మనం ఎందుకు బతుకుతున్నాం?" అని మన ఇళ్ళలో ఎవరైనా పైకి అడిగితే వెంటనే వచ్చే మాట, "ఇప్పుడు నీకేం తక్కువైందని?" అడిగిన మనిషికి ఒంట్లో బాగాలేదేమో, ఆఫీసులో టెన్షన్ ఎక్కువైందేమో, ఇంట్లో ఏదైనా గొడవేమో అని కంగారుపడతాం. గుడికి వెళ్ళి రమ్మంటాం. ఒక ప్రవచనం లింకు పంపిస్తాం. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి రమ్మంటాం. వీటన్నిటి వెనకా ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుని, "నాకూ అప్పుడప్పుడూ అదే అనిపిస్తుంది, కూర్చో, మాట్లాడుకుందాం" అనే మనిషి మాత్రం చాలా అరుదుగా దొరుకుతారు.

బతుక్కి అర్థం ఒక్కరమే కూర్చుని తవ్వితే బయటపడదని, ఎవరో పెద్దలు చెబితే విని ఇంటికి తెచ్చుకునేది కూడా కాదని నా గట్టి నమ్మకం. మన మీద ప్రేమ ఉండి, మన మాటను కాదనే ధైర్యం కూడా ఉన్న స్నేహితులతో ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటూ ఉంటే అది కొద్దికొద్దిగా తయారవుతుంది. కాబట్టి అలాంటి స్నేహాన్ని పనులన్నీ అయ్యాక మిగిలిన టైంలో చేసుకునే కాలక్షేపంగా చూడడం మనకు మనం చేసుకునే అన్యాయం. ఉద్యోగానికి, పిల్లల చదువులకు, ఇంటి లోనుకు ఇచ్చినంత గంభీరమైన చోటు దానికీ ఇవ్వాలి.

తత్వశాస్త్రం అనగానే మనకు లావుపాటి పుస్తకాలు గుర్తొస్తాయి. అది పుట్టింది మాత్రం మాటల్లోనే. సోక్రటీస్ తన తత్వాన్ని పుస్తకంగా రాయలేదు. ఏథెన్స్ బజారులో, వ్యాయామశాలల్లో, స్నేహితుల ఇళ్ళలో విందుల దగ్గర మాట్లాడుతూ బతికాడు. క్రీ.పూ. 399లో విషం తాగాల్సిన రోజున కూడా జైల్లో స్నేహితుల మధ్య కూర్చుని ఆత్మ గురించి వాదించాడని ప్లేటో రాశాడు. ఆ వాదనతో ఇద్దరు స్నేహితులకు తృప్తి కలగలేదు. ఇంకాసేపట్లో చనిపోబోతున్న మనిషిని నొప్పించడం ఎందుకని తటపటాయించారు. అప్పుడు సోక్రటీసే వాళ్ళను అడిగి మరీ ఆ అభ్యంతరాలు చెప్పించుకున్నాడు. తన చివరి రోజున తన మాటలోని లోపం చూపించమని స్నేహితులను అడిగిన మనిషి గురించి నేను ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు విసుగు రాదు.

బృహదారణ్యకోపనిషత్తులో కూడా ఇంత అందమైన చోటు ఒకటి ఉంది. జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి పండితులు ఒకరి తర్వాత ఒకరు ప్రశ్నలు అడుగుతుంటారు. ఆర్తభాగుడు అడుగుతాడు: మనిషి పోయాక మాట అగ్నిలో, ఊపిరి గాలిలో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే, అప్పుడు ఆ మనిషి ఎక్కడుంటాడు? అప్పటిదాకా అడిగినవాటికి సభలోనే టకటకా జవాబులిచ్చిన యాజ్ఞవల్క్యుడు ఇక్కడ ఆగిపోతాడు. "నా చెయ్యి పట్టుకో నాయనా, ఇది మనిద్దరమే తెలుసుకోవాలి, ఈ జనం మధ్య కాదు" అంటాడు. ఇద్దరూ పక్కకు వెళ్ళి మాట్లాడుకుంటారు. వాళ్ళు కర్మ గురించే మాట్లాడుకున్నారని ఉపనిషత్తు చెబుతుంది. ఆ సిద్ధాంతం ఒప్పుకుంటామా లేదా అన్నది వేరే సంగతి. నన్ను ఆకట్టుకునేది ఆ చెయ్యి పట్టుకోవడం. కొన్ని ప్రశ్నలకు సభ పనికిరాదని, ఒక మనిషి పక్కన ఉంటేనే వాటిని భరించగలమని అంత పాత కాలంలోనే గ్రహించారు.

నా మనసుకు అందరికంటే దగ్గరివాడు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్. ఆయన పేరు చెప్పగానే తిండి, తాగుడు, భోగాలు అనుకుంటారు గానీ ఆయన మామూలుగా తిన్నది రొట్టె, తాగింది నీళ్ళు. క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఒక తోట కొనుక్కుని, స్నేహితులతో కలిసి అక్కడ గడిపాడు. ఆ తోటలోకి ఆడవాళ్ళను రానిచ్చారు, బానిసలను రానిచ్చారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. జీవితమంతా హాయిగా గడవడానికి జ్ఞానం మనకు సమకూర్చిపెట్టే వాటిలో అన్నిటికంటే పెద్దది స్నేహమేనని ఆయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. మూత్రంలో రాయి అడ్డుపడి, భరించలేని నొప్పితో చనిపోతున్న రోజున ఇడోమెనియస్ అనే స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. ఈ నొప్పులకు మించినవి ఉండవు, కానీ మనం చేసుకున్న సంభాషణలు గుర్తు చేసుకుంటే కలిగే ఆనందాన్ని వాటన్నిటికీ ఎదురు నిలుపుతున్నాను అన్నాడు. ఆ వెంటనే, తనకంటే ముందే పోయిన మెట్రోడోరస్ పిల్లలను చూసుకోమని అడిగాడు. మందులు పనిచేయని చోట పాత మాటలు పనిచేశాయని, ఆ మాటలు పంచుకున్న స్నేహితుడి పిల్లల బాధ్యత కూడా అందులో భాగమేనని ఆ చిన్న ఉత్తరంలో ఉంది. స్నేహం గురించి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇక్కడ ఒకరు అడ్డు చెప్పొచ్చు. మన దగ్గర మాటలకేం కొదవ? టీవీలో రోజూ చర్చలే. యూట్యూబ్ నిండా ప్రవచనాలు, వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు. పెళ్ళిలో, చావులో, రైల్లో, టీ కొట్టు దగ్గర మనం మాట్లాడుతూనే ఉంటాం కదా అని. నిజమే, మాటలు చాలా ఉన్నాయి. అయితే అందులో ఎక్కువ భాగం ఒకవైపు నుంచే నడుస్తుంది. ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు తల ఊపుతారు. లేదా ఇద్దరూ గెలవడానికే కూర్చుంటారు.

ఈ తేడాను రెండు వేల ఏళ్ళ కిందటే నాగసేనుడు అనే బౌద్ధ భిక్షువు స్పష్టంగా చెప్పాడు. వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్‌ను పాళీ గ్రంథం మిలిందుడు అంటుంది. ఆయన సాగల నగరంలో నాగసేనుణ్ణి కలిసి మాట్లాడదాం అంటాడు. "పండితుల్లా మాట్లాడేట్టయితే మాట్లాడతాను, రాజుల్లా అయితే మాట్లాడను" అంటాడు భిక్షువు. తేడా ఏమిటని రాజు అడుగుతాడు. పండితులు మాట్లాడుకునేటప్పుడు చిక్కుముడి పడుతుంది, విడుతుంది, ఒకరి తప్పు ఒకరు చూపిస్తారు, తప్పయితే ఒప్పుకుంటారు, ఎవరికీ కోపం రాదు. రాజులు ఒక మాట అంటారు, దాన్ని కాదన్నవాడికి శిక్ష వేస్తారు. ఇదీ ఆయన జవాబు. మిలిందుడు దానికి ఒప్పుకుని, ఒక తోటి భిక్షువుతోనో మఠంలో పనివాడితోనో మాట్లాడినట్టు నాతో నిర్భయంగా మాట్లాడండి అంటాడు. ఆ షరతు కుదిరాకే అసలు సంభాషణ మొదలవుతుంది.

మన ఇళ్ళలో ఇప్పటికీ ఎక్కువగా నడిచేది రాజుల మాటే. "పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు" అని చిన్నప్పటి నుంచి నేర్పిస్తాం. నాన్న అన్న మాట సరిగ్గా లేదని కొడుకు అంటే అది అభిప్రాయ భేదంగా కాకుండా అవమానంగా లెక్కకొస్తుంది. అత్తగారితో కోడలు వాదిస్తే వాదనలో ఏముందో ఎవరికీ అక్కర్లేదు, వాదించడమే నేరం. ఇలా పెరిగిన మనం పెద్దయ్యాక కూడా ఎవరైనా కాదంటే ముడుచుకుపోతాం, లేదా మీద పడిపోతాం. మనల్ని ప్రేమిస్తూనే మన మాటను కాదనొచ్చు అన్న అనుభవం మనలో చాలామందికి ఎన్నడూ కలగదు. మన ఊళ్ళలో శాంతి మంత్రంగా చదివే "సహనావవతు" చివర్లో "మా విద్విషావహై" అని ఉంది, మనం ఒకరినొకరం ద్వేషించుకోకుండా ఉందాం అని. గురువూ శిష్యుడూ కలిసి చదువు మొదలుపెట్టే ముందు ఈ కోరిక కోరుకున్నారంటే, కలిసి ఆలోచించేటప్పుడు మనసులు విరిగే ప్రమాదం ఎంత ఉందో వాళ్ళకు తెలుసన్నమాట. ఆ ప్రమాదం ఉందని మాటలే మానుకోలేదు వాళ్ళు.

ఇదంతా నాకు పుస్తకాల నుంచి మాత్రమే తెలిసిన సంగతి కాదు. మా అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, "పుణ్యాత్మురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది" అని. ఆ మాట ఆ రోజుకు అవసరమే. కొన్ని వారాలు గడిచాక నా స్నేహితురాలు ఫోన్ చేసింది. మేమిద్దరం వాల్తేరులో యూనివర్సిటీ హాస్టల్లో కలిసి ఉన్నాం. ఇప్పుడు తను డాలస్‌లో ఉంటుంది. మాకు ఆదివారం పొద్దున అయితే వాళ్ళకు శనివారం రాత్రి, అప్పుడే మా మాటలు. ఆ రోజు తను నన్ను ఓదార్చలేదు. "ఏమే, మీ అమ్మ దేని కోసం బతికింది అనుకుంటున్నావు?" అని అడిగింది.

నాకు వెంటనే నోట మాట రాలేదు. తర్వాత చాలా కోపంగా జవాబు చెప్పాను. అమ్మ మా కోసం, నాన్న కోసం, వచ్చేపోయే చుట్టాల కోసం వంటింట్లోనే అరిగిపోయిందని, తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదని అన్నాను. "అది నీ కొలతే. ఆవిడ కొలత ఏమిటో నీకు తెలుసా?" అంది తను. ఆ ఆదివారం తేలలేదు. తర్వాతి వారం నేను, ఆడవాళ్ళ చాకిరీని త్యాగం అని పొగడడం ఎంత దుర్మార్గమో వాదించాను. తను దాన్ని ఒప్పుకుంటూనే, చాకిరీ చేసిన మనిషి లోపల ఆ చాకిరీ ఒక్కటే ఉండేదని అనుకోవడం కూడా అన్యాయమే అంది. ఆ మాట నన్ను వదల్లేదు. మా పిన్నిని అడగడం మొదలుపెట్టాను.

పిన్ని చెప్పిన వాటిలో ఒకటి మాకెవరికీ తెలియదు. అమ్మ పెళ్ళికి ముందు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసేదట. ప్రాథమిక, మధ్యమ పాసై, రాష్ట్రభాషకు చదువుతుండగా సంబంధం కుదిరింది. పరీక్ష రాయలేదు. పుస్తకాలు మాత్రం అత్తారింటికి తెచ్చుకుంది. మా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట రేడియోలో హిందీ వార్తలు వస్తుంటే అమ్మ గిన్నెలు కడగడం ఆపి నిలబడేది. వంట పని మధ్య కాస్త ఊపిరి తీసుకుంటోందని మేం అనుకునేవాళ్ళం. ఈ సంగతి స్నేహితురాలికి చెబితే తను చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్ళీ వాదనే: ఆగిపోయిన చదువు అమ్మ జీవితానికి అర్థమా, లేక చదువు ఆగిపోయాక కూడా ఆవిడ నిలబెట్టుకున్న ఆ కొద్ది నిమిషాలా? మా ఇద్దరికీ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కానీ ఆ ప్రశ్న అడగకపోతే నేను పిన్ని దగ్గరకు వెళ్ళేదాన్ని కాదు. అమ్మ నాకు "పుణ్యాత్మురాలు"గా మిగిలిపోయేది. ఇప్పుడు అమ్మ నాకు ఒక పూర్తి మనిషి. ఒంటరిగా ఎంత ఏడ్చినా, ఎంత ధ్యానం చేసినా నాకిది దొరికేది కాదని కచ్చితంగా చెప్పగలను.

అరిస్టాటిల్ స్నేహాలను మూడు రకాలుగా చెప్పాడు: అవసరం వల్ల ఏర్పడేవి, సరదా వల్ల ఏర్పడేవి, ఎదుటి మనిషి మంచితనం చూసి ఏర్పడేవి. మొదటి రెండింటినీ తక్కువ చేయాల్సిన పని లేదు. ఆఫీసులో మన సీటు చూసుకునే కొలీగ్, పండక్కి అరిసెలు పంపే పక్కింటావిడ లేకపోతే రోజు గడవదు. మూడో రకం గురించి ఆయన అన్న మాట మాత్రం నాకు చాలా ముఖ్యం. మనుషులు కలిసి బతకడం అంటే మాటలు, ఆలోచనలు పంచుకోవడం, ఒకే చోట మేసే పశువుల్లా పక్కపక్కన ఉండడం కాదు అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి, కూరగాయల ధర, కరెంటు బిల్లు, పిల్లల ర్యాంకు తప్ప మరేదీ మాట్లాడుకోని కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ మధ్య ప్రేమ లేదనీ అనలేను. ఆ ప్రేమకు మాట దొరకలేదు, అంతే.

ఈ మధ్య మనస్తత్వ పరిశోధకులు కూడా దీన్ని పట్టించుకున్నారు. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మాథియాస్ మెల్, ఆయన సహచరులు 79 మంది విద్యార్థుల దగ్గర చిన్న రికార్డర్లు ఉంచి, నాలుగు రోజుల పాటు వాళ్ళ రోజువారీ మాటల్లోంచి తునకలు విన్నారు. 2010లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఎక్కువ సంతోషంగా ఉన్నవాళ్ళ మాటల్లో లోతైన సంభాషణలు ఎక్కువగా కనిపించాయి. తర్వాత 2018లో ఇంకా ఎక్కువమందితో చూస్తే ఆ సంగతి నిలబడింది. పైపై కబుర్ల వల్ల నష్టమేమీ లేదని కూడా తేలింది. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే కబుర్లు లేకుండా లోతు మాటలు ఎక్కడా మొదలవవు. "కాఫీ తాగావా" అని అడిగిన గొంతే కదా "నువ్వు దేనికి భయపడుతున్నావు" అని అడగగలిగేది. అమెరికాలోనే జరిగిన మరికొన్ని ప్రయోగాల్లో, లోతైన విషయాలు మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందు అనుకున్నంత ఇబ్బంది నిజంగా మాట్లాడాక లేదని, ఎదుటివాళ్ళకు మన మాట మీద ఉండే ఆసక్తిని మనం తక్కువగా అంచనా వేస్తామని నికొలస్ ఎప్లీ, మరో ఇద్దరు పరిశోధకులు చూపించారు. అంటే చాలాసార్లు అవతలి మనిషి కూడా ఎవరో ఒకరు మొదలుపెడతారని ఎదురుచూస్తూనే ఉంటారు.

అయితే ఈ ఎదురుచూపు అందరికీ ఒకటి కాదు. మగవాళ్ళకు పెళ్ళయ్యాక కూడా స్నేహితులు మిగులుతారు. ఆడవాళ్ళకు ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, హాస్టల్లో రాత్రంతా మాట్లాడుకున్న అమ్మాయిలు పెళ్ళి ఫోటోల్లోనే మిగిలిపోతారు. "ఇంకా ఏం మాటలు, ఇంట్లో పని లేదా?" అనే మాట విననివాళ్ళు ఎవరున్నారు? మా కాలనీలో ఎంతోమంది ఆడవాళ్ళు కాలేజీ స్నేహితులకు ఫోన్ చేసేది ఇంట్లో ఎవరూ లేనప్పుడే. ఉపనిషత్తులో గార్గి సభలో లేచి అడిగిందని, మైత్రేయి ఆస్తి వద్దని అమృతత్వం గురించి అడిగిందని గర్వంగా చెప్పుకుంటాం. మన ఇంటి మైత్రేయికి వారంలో ఒక గంట ఇవ్వడానికి మాత్రం మనకు మనసు రాదు.

ఇంకో గోడ కులం. మన ఊళ్ళలో అరుగు మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కింద నిలబడాలో చాలా కాలం రాసిపెట్టినట్టే ఉండేది. ఇప్పుడు అలా లేదంటాం గానీ, మీ ఇంటికి వచ్చి, మీ వంటింట్లో నిలబడి, మీతో గంటసేపు వాదించగలిగేంత చనువున్న స్నేహితుల పేర్లు మనసులో అనుకుని చూడండి. వాళ్ళలో ఎంతమంది మీ కులం బయటివాళ్ళు? మనలాంటివాళ్ళతోనే మాట్లాడుతుంటే మన నమ్మకాలు గట్టిపడతాయి తప్ప వాటికి పరీక్ష ఉండదు. ఎపిక్యూరస్ తోట తలుపు అందరికీ తెరవడం నాకు పెద్ద విషయంగా కనిపించడానికి కారణం ఇదే. చదువు లేకపోతే తత్వం పలకదని కూడా ఎవరూ అనుకోకూడదు. మన పల్లెల్లో ఏకతార పట్టుకుని బ్రహ్మంగారి తత్వాలు పాడినవాళ్ళలో ఎక్కువమంది బడికి వెళ్ళినవాళ్ళు కారు. దూదేకుల కుటుంబంలో పుట్టిన సిద్దయ్య బ్రహ్మంగారికి ముఖ్య శిష్యుడయ్యాడని ఇప్పటికీ కడప జిల్లాలో భక్తితో చెప్పుకుంటారు.

స్నేహంలో పుట్టిన ఆలోచన లోకాన్ని కూడా మార్చగలదని మన భాష చరిత్రే చెబుతుంది. గురజాడ, గిడుగు విజయనగరంలో చదువుకున్న రోజుల నుంచి స్నేహితులు. గిడుగు పర్లాకిమిడిలో పంతులై సవర భాష నేర్చుకుంటూ, జనం మాట్లాడే మాటకు ఎంత విలువుందో తెలుసుకున్నాడు. గురజాడ ఆ మాటతోనే నాటకం రాశాడు. వ్యావహారిక భాష కోసం ఇద్దరూ పోరాడారు. గురజాడ 1915లో పోయాక కూడా గిడుగు ఆ పోరాటం ఆపలేదు. అంతకంటే నాకు గొప్పగా అనిపించేది వీరేశలింగం పంతులుగారి సంగతి. అంత పేరు, అంత వయసు వచ్చాక, 1919లో, తన చివరి ఏడాదిలో, ఆయన వ్యావహారిక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడిగా ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి కొత్త పక్షాన నిలబడడం మన పెద్దల్లో ఎంత అరుదో మనకు తెలుసు.

ఒంటరితనం సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. బుద్ధుడు చెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు కదా అని. కూర్చున్నాడు. లేచాక మాత్రం తనను అంతకుముందు వదిలేసి వెళ్ళిపోయిన ఐదుగురు సహచరులను వెతుక్కుంటూ సారనాథ్ దాకా నడిచాడు. తర్వాత ఒకసారి ఆనందుడు, "మంచి స్నేహం ఈ ధర్మజీవితంలో సగం" అంటే, "అలా అనకు ఆనందా, మొత్తం అదే" అన్నాడని పాళీ సూత్రంలో ఉంది. మన నాగార్జునుడు కూడా శాతవాహన రాజుకు ధర్మం బోధిస్తూ రాసిన దాన్ని సుహృల్లేఖ అనే పిలుచుకుంటాం, స్నేహితుడికి ఉత్తరంగానే అది టిబెట్, చైనా దాకా వెళ్ళింది. మౌనం కావాలి, నేను కాదనడం లేదు. ఒక వాదన తర్వాత నాలుగు రోజులు దాన్ని లోపల నాననివ్వకపోతే తర్వాతి మాట పలచగా వస్తుంది. ఏకాంతం సంభాషణకు ఒడ్డులాంటిది, ప్రవాహం మాత్రం ఇద్దరి మధ్యే నడుస్తుంది.

ఇప్పుడు మా మేడ మీద కూడా ఒక చిన్న గుంపు తయారైంది. పక్క వీధిలో రిటైరైన తెలుగు మాస్టారు, మా బ్యాంకులో నాతో పనిచేసే అమ్మాయి, ఆ అమ్మాయి వాళ్ళాయన, వీలైనప్పుడు ఫోన్లో డాలస్ నుంచి నా స్నేహితురాలు. మిలిందుడి సంభాషణలు కొద్దికొద్దిగా చదువుతున్నాం. రథం దగ్గర ఆగిపోయాం. చక్రం రథమా, ఇరుసు రథమా, కాడి రథమా అని నాగసేనుడు అడుగుతాడు. ఏదీ కాదని రాజు ఒప్పుకుంటాడు. మనిషి కూడా అంతే, భాగాలన్నీ కలిస్తే వాడుకకు పెట్టుకున్న ఒక పేరు అంటాడు భిక్షువు. మాస్టారికి ఇది అసలు మింగుడుపడలేదు. "అమ్మా, అలా అయితే నలభై ఏళ్ళ నా స్నేహితుడు పోయినప్పుడు నేను ఏడ్చింది ఒక పేరు కోసమా?" అన్నారు. మా బ్యాంకు అమ్మాయి చాలా మెల్లగా, "భాగాల్లో మీరు కూడా ఒకరేమో మాస్టారూ" అంది. ఆయన దానికి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు, వచ్చే వారం జవాబు చెబుతానన్నారు. నా స్నేహితురాలు మాత్రం ఫోన్లోంచే మాస్టారి పక్షం తీసుకుంది. నేను ఆ అమ్మాయి పక్షం.